గవ్వకి సూది వేయించిన రాత్రి

పొద్దున పట్టుకున్నది నేనే.
మూతి నా చంకలో దాచుకుంటే
భయపడకే, నేను లేనూ, అన్నదీ నేనే.
సుభాషిణి గారు మెడ వెనక తోలు చిటికెడు పైకి లాగి
సూది దించినప్పుడు
అది కుయ్యిమనలేదు.
నా మొహంలోకి చూసింది, అంతే.

కాట్రేనికోన పశువుల ఆస్పత్రి నించి
మోపెడ్ ముందు గోనెసంచి మీద కూర్చోబెట్టుకుని
పదకొండు కిలోమీటర్లు.
ఎప్పుడూ దారంతా నాలుక గాలికి వదిలేసేది,
కొంగ కనపడితే చాలు మొరిగేది.
ఇవాళ తల నా మోకాలి మీద పెట్టి
ఉప్పుమడుల వైపు కూడా చూడలేదు.

సాయంత్రానికి చెరువు గట్టు మీద, నా పాక ముందు
ముడుచుకుపోయింది.
ఎండు సావడాయ ముక్క కాల్చి పెట్టాను.
వాసన చూసి, మర్యాదకి ఒకసారి నాకి
మొహం తిప్పేసుకుంది.
చెవులు పట్టుకుంటే పెనం అంచులా ఉన్నాయి.
సూది దిగినచోట గోళీకాయంత గడ్డ.
తాకబోతే పళ్ళు చూపించింది, నాకు,
ఐదేళ్ళలో మొదటిసారి.
తర్వాత సిగ్గుపడ్డట్టు నా వేళ్ళు నాకింది.

నాకు రొయ్య సంగతులు తెలుసు.
నీళ్ళలో గాలి తగ్గితే అంచుకి ఎలా తేలి వస్తుందో,
చెక్‌ట్రేలో మేత మిగిలితే దానర్థమేంటో,
ఎన్నెకరాలకి ఎంత సున్నమో.
నీటి రంగు చూసి రేపటి రోగం చెబుతానని
మా యజమానికి నా మీద నమ్మకం.
ఈ పన్నెండు కిలోల ఒంట్లో ఏం జరుగుతోందో
ఏ రంగు చూసి చెప్పను?

చొక్కా జేబులో జ్వరం బిళ్ళ ఉంది, నాది.
సగం బెల్లంలో పెట్టి మింగిద్దామని విరిచాను కూడా.
అప్పుడు గుర్తొచ్చింది ఆవిడ మాట:
"మనుషుల బిళ్ళలు దానికి విషం, రత్నం.
ఒకటి రెండు రోజులు నలతగా ఉంటది. పడుకోనీ, నీళ్ళు పెట్టు.
మొహం వాచినా, ఆయాసపడినా, వాంతులు ఆగకపోయినా
అర్ధరాత్రి అనుకోకు, ఫోన్ చెయ్యి."
విరిచిన సగాన్ని చెరువులోకి విసరబోయి
రొయ్యలు గుర్తొచ్చి
మళ్ళీ జేబులోనే వేసుకున్నాను.

టార్చి వేసి మొహం చూశాను.
వాచిందా?
రోజూ చూసే మొహమే, కొలత తెలియదు నాకు.
ఫోన్‌లో పాత ఫొటో తీసి పక్కన పెట్టి సరిచూశాను.
ఫొటోలో నోరు తెరుచుకుని ఉంది. అదొక్కటే తేడా.
పక్కటెముకల మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టాను,
ఏరేటర్ల హోరులో లెక్క తప్పి, మొదట్నించి,
మళ్ళీ తప్పి.

కిందటి నెల అవతలి గట్టు ప్రకాశాన్ని
పిచ్చికుక్క పిక్క పట్టుకుంది.
అమలాపురం చుట్టూ తిరిగాడు పాపం సూదుల కోసం.
ఆ రాత్రి గవ్వ ఒళ్ళంతా దీపం పెట్టి వెతికాను.
గాటు లేదు. అప్పుడే అనుకున్నాను వేయించాలని.
దానికి ఇదంతా ఏ భాషలో చెప్పేది.

ఒంటిగంటన్నరకి కరెంటు పోయింది.
ఏరేటర్లు ఒక్కొక్కటే చేతులు దించేశాయి.
ఆ నిశ్శబ్దంలో ఎన్ని లక్షలు మునుగుతాయో
ఊరందరికీ తెలుసు.
పరిగెత్తాను, నాలుగో చెరువు చివర జనరేటరుకి.
హ్యాండిల్ తిప్పి, తిప్పి,
అది పొగతో దగ్గి లేచేదాకా వెనక్కి చూడలేదు.

చూస్తే గట్టు మధ్యలో గవ్వ.
కాలొక వైపు తూలుతూ
సగం దూరం వచ్చేసింది,
చీకట్లో నన్నొక్కణ్ణీ వెళ్ళనివ్వకూడదని
ఎవరు చెప్పారో.
నేనొచ్చేసరికి అక్కడే కూలబడి
తోక ఒక్కసారి, ఒక్కసారే, మట్టికి కొట్టింది.

తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను.
గడ్డ తగలకుండా ఎత్తుకుని
నిండు చెక్‌ట్రే తొణక్కుండా మోసినట్టు
పాక దాకా మోశాను, తిడుతూనే.

తెల్లారగట్ట గిన్నె చప్పుడైతే కళ్ళు తెరిచాను.
నీళ్ళు తాగుతోంది.
రాత్రి వద్దన్న సావడాయ ముక్క కోసం వెతికి,
చీమలు పట్టాయని నా వైపు చూసింది, తప్పు నాదే అన్నట్టు.
చెవి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. పెనం కాదు.

నీటికాకులు మూడో చెరువులో దిగాయి.
లేవలేదు. పడుకునే ఒక్క మొరుగు, బొంగురుగా.
అవి లెక్కచేయలేదు.
దాని బదులు నేనే లేచి డబ్బా కొట్టాను.

జేబులో విరిగిన బిళ్ళ పక్కన పచ్చ కార్డు ఒకటుంది.
సుభాషిణి గారి గుండ్రటి రాత:
ఇరవయ్యొక్క రోజులకి రెండో సూది.
ఈ సంగతి గవ్వకి ఇంకా చెప్పలేదు.